తేళ్లు, నీలి సాలీళ్లు ఇంట్లో పెంచి అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది గుత్తి దగ్గర పల్లె. మూడెకరాల మెట్ట ఉంది. వేరుశనగ, కంది వేస్తాను. రెండేళ్లుగా పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. తేలు విషం లీటరు కోట్లు పలుకుతుందని, మా ఊరి పేరున్న నీలి సాలీడును విదేశాల్లో ఇళ్లలో పెంచి అమ్ముతున్నారని ఫోన్‌లో వీడియోలు చూశాను. గట్టు మీద రాళ్లు తిప్పి పన్నెండు తేళ్లు పట్టి ప్లాస్టిక్ టబ్బులో వేశాను. ఒకదాని వీపు నిండా పిల్లలున్నాయి. రెండింటిని మిగతావి తినేశాయి. పదివేలు డిపాజిట్ కడితే విషం తామే కొంటామని ఒకాయన అంటున్నాడు. కట్టమంటారా? వీటిని ఎలా పెంచాలి?

జవాబు: డిపాజిట్ కట్టకండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు జవాబు చెప్పాల్సింది దీనికే. విషం నిజంగా కొనే ప్రయోగశాల ఏదీ రైతు దగ్గర ముందుగా డబ్బు అడగదు.

ఇక ఆ లీటరు లెక్క చూద్దాం. తేలు తోకకు సన్నగా కరెంటు తగిలించి విషం తీస్తారు. ఒక తేలు నుంచి ఒకసారికి వచ్చేది, ఎండబెట్టాక, సాధారణంగా మిల్లీగ్రాము కంటే తక్కువే. అంటే గ్రాము పోగవ్వాలంటే వేల సార్లు తీయాలి. ఒకసారి తీశాక మళ్లీ విషం ఊరడానికి రోజులు, వారాలు పడుతుంది. తీసిన చుక్కను వెంటనే గడ్డకట్టించి ప్రత్యేక యంత్రంలో ఆరబెట్టకపోతే పనికిరాదు. పరిశోధన చేసేవాళ్లు ఇది ఏ జాతి, ఎక్కడ పట్టారు, అనుమతి ఏది అని అడుగుతారు. మన దేశపు ప్రాణుల నుంచి తీసిన సరుకుతో వ్యాపారం చేయాలంటే 2002 నాటి జీవ వైవిధ్య చట్టం కింద రాష్ట్ర బోర్డుకు ముందే తెలియజేయాలి. ఆ వీడియోల్లో ఇవేవీ చెప్పరు. ధర ఒక్కటే చెబుతారు.

తేళ్లు ఒకదాన్నొకటి తినడం మీ పొరపాటు వల్ల వచ్చిన రోగం కాదు, వాటి స్వభావమే అది. ఇరుకులో కలిపి ఉంచితే పెద్దది చిన్నదాన్ని తింటుంది. పెంచాలంటే ఒక్కోదానికి ఒక్కో డబ్బా, దాక్కోవడానికి పెంకు ముక్క, తినడానికి బతికున్న పురుగులు కావాలి. పైగా పెరుగుదల చాలా నిదానం. మండ్రగబ్బ లాంటి పెద్ద నల్ల తేలు నెలల తరబడి కడుపుతో ఉంటుంది. పుట్టిన పిల్ల ఎదగడానికి ఏళ్లు పడుతుంది. పిల్లలు తల్లిని తినేసి బయటికొస్తాయని మన పల్లెల్లో అంటారు కానీ అది నిజం కాదు. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అవి తల్లి వీపెక్కి, మొదటి కుబుసం విడిచే దాకా, అంటే వారం రెండు వారాలు, అక్కడే ఉంటాయి. ఆ సమయంలో తల్లిని కదిలించి బెదరగొడితే తల్లే పిల్లల్ని తినేయవచ్చు. మీరు ఆ తేలును మళ్లీ మళ్లీ తీసి చూడకండి.

నాకు నిజంగా టెన్షన్‌గా ఉన్నది ఇంకో సంగతి. మీ ప్రాంతపు రాళ్ల కింద దొరికేది మండ్రగబ్బ ఒక్కటే కాదు, ఎర్ర తేలు కూడా ఉంటుంది. పెద్ద పంజాలు, లావు శరీరం ఉన్న నల్ల తేలు కుడితే నొప్పి ఎక్కువే గానీ ప్రాణం పోవడం అరుదు. సన్నటి పంజాలున్న చిన్న ఎర్ర తేలు చాలా ప్రమాదం. దాని విషం గుండె మీద పని చేస్తుంది. ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూ చేతులు చల్లబడటం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. పసిపిల్లలకు ఇంకా ముప్పు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ప్రాజోసిన్ అనే బీపీ మందు వాడి ఎన్నో ప్రాణాలు కాపాడారు. ఆ మందును డాక్టరే లెక్క చూసి ఇవ్వాలి, మీరు కొని వేసుకోకూడదు. మంత్రం, కోత, కట్టు అంటూ సమయం పోగొట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నీలి సాలీడు గురించి అడిగారు. దాని పేరులో గుత్తి ఉంది కానీ అది గుత్తిది కాదు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని తొలిసారి వర్ణించారు. ఆ నమూనా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. దుంగలతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని భావిస్తున్నారు. ఆ తర్వాత వందేళ్ల పాటు ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, పెద్ద చెట్ల తొర్రల్లో మళ్లీ దొరికింది. ఈ భూమ్మీద అది ఉన్నట్టు తెలిసిన చోటు చాలా కొద్ది. వంటచెరకుకు చెట్లు కొట్టేస్తే దానికి ఉండే చోటు పోతుంది. 2008లోనే దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. ఆ నీలం రంగు చూసినప్పుడల్లా ఇది మన నల్లమల బిడ్డ అని నాకు గర్వంగా ఉంటుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను, దాని జోలికి పోవద్దు.

యూరప్‌లో, అమెరికాలో ఇష్టంతో సాలీళ్లను పెంచేవాళ్లు దీన్ని ఇళ్లలోనే పిల్లలు పెట్టిస్తున్నారు. ఒక గుడ్ల సంచి నుంచి వందకు అటూ ఇటూ పిల్లలు వస్తాయి. వాళ్లకు మన అడవి నుంచి సరుకు అవసరం లేదు. ఈ నీలి సాలీడు, దాని దగ్గరి బంధువులైన సాలీళ్లన్నీ 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది. రిజర్వు అడవిలోంచి ఏ ప్రాణినీ పట్టుకొచ్చి అమ్మకూడదు. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఆ నియంత్రణ జాబితాలో ఉన్న ప్రాణిని ఉంచుకుంటే నమోదు చేయించుకోవాలి. 2021లో పోలండ్ నుంచి పార్సిల్‌లో వచ్చిన 107 సాలీళ్లను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుని వెనక్కి పంపించారు.

చిన్న ప్రాణులను పెంచే ఓపిక మీకుంటే అది వృథా కానక్కర్లేదు. ట్రైకోకార్డుల తయారీ నేర్చుకోండి. అంటే పంటకు మేలు చేసే పురుగు పెరుగుతున్న గుడ్లను అంటించిన అట్టలు, వాటిని పొలంలో కడతారు. ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని కందిరీగ జాతి పురుగు, టమాటా కాయతొలుచు పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేస్తుంది. దాన్ని కార్సిరా అనే గింజల పురుగు గుడ్ల మీద పెంచుతారు. ఒక ట్రేలో రెండున్నర కిలోల సజ్జ నూక, వంద గ్రాముల వేరుశనగ పొడి, కొంచెం ఈస్ట్ వేసి అర సీసీ గుడ్లు చల్లితే నలభై రోజులకు రెక్కల పురుగులు మొదలవుతాయి. పనిచేసేటప్పుడు మూతికి మాస్కు తప్పనిసరి, వాటి రెక్కల పొడికి ఆయాసం వస్తుంది. కార్డు నిల్వ ఉండేది కొద్ది రోజులే కాబట్టి మీ చుట్టుపక్కల ఎన్ని కార్డులు కొంటారో ముందు కనుక్కోండి. కోట్లు రావు, పంట మధ్యలో కొంత చేతి డబ్బు రావచ్చు. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ గురించి అడగండి. తల్లి పురుగులు, శిక్షణ బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోలో దొరుకుతాయి.

ఇప్పుడు టబ్బు సంగతి. మీ ఇంటి పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి. సాయంత్రం పొడవాటి పట్టకారుతో ఒక్కోదాన్నీ మూత ఉన్న డబ్బాలోకి తీసి, పట్టిన గట్టు మీదే ఎడం ఎడంగా రాళ్ల కింద వదలండి. అవి పురుగుల్నే తింటాయి, పంటకు నష్టం చేయవు. పిల్లల తల్లిని పట్టకారుతో పట్టకుండా, దాని కిందికి పెంకు జరిపి పెంకుతో సహా పెట్టి రండి. వదిలేటప్పుడు లెక్క చూసుకోండి. పన్నెండులో రెండు పోతే పది ఉండాలి. ఒక్కటి తగ్గినా, అతినీలలోహిత టార్చి ఒకటి తెచ్చి రాత్రి ఇంటి మూలలన్నీ వెతకండి. ఆ వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. అది దొరికే దాకా మంచాల మీదే పడుకోండి, చెప్పులు దులిపి వేసుకోండి.