జీతంలో కట్ అయింది, బాకీ తీరలేదు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. బీటెక్ కోసం నాన్న, నేను కలిసి 4 లక్షల విద్యా రుణం తీసుకున్నాం. ఉద్యోగం వచ్చాక, జీతంలో నెలకు 6,200 కట్ చేసి బ్యాంకుకు కడతామని కంపెనీ నాతో రాయించుకుంది. 14 నెలలు కట్ చేశారు, బ్యాంకుకు ఒక్క రూపాయి పంపలేదు. నోటీసు నాన్నకు వచ్చింది. మిర్చి పెట్టుబడికి లోను అడిగితే ఇవ్వలేదు, ఊర్లో తలెత్తుకోలేకపోతున్నాం. నెలనెలా ఐదో తారీఖున కిస్తీ నా ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా, బ్యాంకువాళ్లు ఇప్పుడు ఆటో డెబిట్ ఫారం మీద నా సంతకం తీసుకున్నారు. తప్పు కంపెనీది కదా, ఐదో తారీఖుకు ముందే ఖాతా ఖాళీ చెయ్, మూడేళ్లయితే బాకీయే ఉండదని ఫ్రెండ్ అంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: చేయొద్దు.

జీతంలో కట్ చేయమని కంపెనీకి రాసిచ్చింది ఎవరు? మీరు. అంటే కంపెనీ మీ డబ్బు మోసుకెళ్లాల్సిన మనిషి. దారిలో మింగేస్తే బ్యాంకు దగ్గర మీ బాకీ తగ్గదు. బ్యాంకు తరఫున కంపెనీ వసూలు చేయడానికి బ్యాంకే ఒప్పుకున్న కాగితం ఉంటేనే కథ మారుతుంది. అది ఉందేమో బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. ‘కట్ చేసి పంపుతాం’ అని కంపెనీ ఇచ్చిన ఉత్త హామీ చాలదు. నాన్నకు నోటీసెందుకంటే, రుణపత్రం మీద ఆయన సంతకం కూడా ఉంది. మొత్తం బాకీ ఇద్దరిలో ఎవరినైనా అడగొచ్చు.

ఇక ఫ్రెండ్ సలహా. ఆటో డెబిట్ ఇచ్చి ఖాతాలో డబ్బు లేకుండా చేస్తే, 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద అది చెక్ బౌన్స్ లాంటి నేరం. ఆ డెబిట్ ఫెయిలయ్యాక బ్యాంకు పంపే నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఇప్పుడున్నది అప్పు మాత్రమే, దాన్ని మీ చేత్తో క్రిమినల్ కేసు చేసుకోకండి. మూడేళ్ల మాటా తప్పే. బ్యాంకు దావా వేయడానికి ఉన్న ఆ గడువులోగా బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే, కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలు. మీరిచ్చిన కొత్త ఫారాన్నే బ్యాంకు వకీలు కోర్టులో పెడతాడు.

గడువు నిజంగా తరుముతున్నది మిమ్మల్ని. కంపెనీ నుంచి 86,800 రాబట్టే సివిల్ దావాకు, ఒక్కో నెల కోతకూ ఆ తేదీ నుంచే మూడేళ్లు.

పద్నాలుగు నెలలు లోను స్టేట్‌మెంట్ ఒక్కసారి కూడా చూసుకోకపోవడం ఏమిటి? ట్యాక్స్ మినహాయింపు కోసం వడ్డీ సర్టిఫికెట్ తెచ్చుకున్నా మొదటి మార్చిలోనే బయటపడేది! మీరు పంపిన పేస్లిప్పులో 6,200 ‘ఇతర కోతలు’ గడిలో ఉంది. విద్యా రుణం అన్న మాటే లేదు. అడ్వాన్సు కింద పట్టుకున్నామని కంపెనీ అంటే ఏం చూపిస్తారు? మీరు రాసిచ్చిన సమ్మతి పత్రం, హెచ్ఆర్ మెయిళ్లు, బ్యాంకులోని లోను ఖాతా నంబరు, ఈ మూడూ కలిస్తేనే ఆ గడికి అర్థం వస్తుంది.

ఈ నెల నుంచి కిస్తీ మీరే కట్టండి, పాత బకాయికి వాయిదాలు కోరుతూ బ్యాంకుకు అర్జీ ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీకి నెలవారీ లెక్కతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. కదలకపోతే హనుమకొండ కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం.

ఉద్యోగం మానేసే ఆలోచన ఉంటే ముందు ఆ మెయిళ్లు ప్రింటు తీసుకోండి. రాజీనామా ఇచ్చాక ఆ లాగిన్ ఎన్నాళ్లు పనిచేస్తుందో మీ చేతుల్లో ఉండదు.