సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీకి వెళ్తున్న మేనల్లుడికి

ఫైఫ్, స్కాట్లండ్, అక్టోబర్ 1872

ఒరే అల్లుడూ,

నీకు బర్సరీ, అదే చదువుకి ఇచ్చే వేతనం, వచ్చిందని మీ అమ్మ రాసింది. ఏడాదికి పది పౌండ్లు! ఆ ఉత్తరం మా బడిపిల్లలకి కూడా చదివి వినిపించాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు చిన్న సంగతులు. పాఠాలు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకానే, వేసవిలో మళ్ళీ పొలం పనికి రావాలి. విద్యార్థులు వేసుకునే ఎర్ర గౌను పాతది దొరికితే పాతదే కొను, రాత్రి దుప్పటి మీద కప్పుకోవచ్చు. లాటిన్ రోజూ చదువు. మనలాంటి వాళ్ళకి అద్దె గదే గతి, సముద్రం వైపు కిటికీ ఉన్నది మాత్రం వద్దు.

ఇక పిండి పెట్టె, అంటే ఇంటినుంచి తీసుకెళ్ళే నీ తిండి. 1867లో విద్యార్థులు ఎన్నుకున్న రెక్టర్, తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ గారు అక్కడ చదువు గురించి మూడు గంటలు మాట్లాడారట. ఆయనకేం, ఓట్స్ పిండి మూట మోసుకుంటూ కాలేజీకి వెళ్ళినవాడు కాదుగా! నీకు ఆ పిండితోనే మూడు పూటలా జావ, రొట్టె.

ఫిబ్రవరిలో మీల్ మండే, అంటే పిండి సోమవారం, సెలవిస్తారు. ఇంటికెళ్ళి పిండి తెచ్చుకోవడానికే ఆ సెలవు. నా రెండో ఏడు నేను వెళ్ళలేదు. గ్రీకు బహుమతి కొట్టాలని పిచ్చి. పైగా ఆ ఏడు ఇంట్లో పంట సరిగా లేదు. అమ్మ అడిగితే పెట్టె సగానికి ఉందని రాశాను. నిజానికి నాలుగు గుప్పెళ్ళుంది. ఇంటావిడ జావ కాయనా అని అడిగితే, స్నేహితుడి గదిలో తినొచ్చానని చెప్పేవాణ్ణి.

నాతో ఒకే మంచం మీద పడుకునే కుర్రాడికి ఇది తెలిసిపోయింది. ఏమీ అనలేదు. ఒకరోజు పెట్టె తెరిస్తే పిండి చెయ్యంత లోతుంది. వాడి మూట సగమైంది. నేను తిన్నాన్రా! సిగ్గుపడుతూనే రోజూ తిన్నాను. మార్చిలో వాడికి దగ్గు పట్టుకుంది. ఏప్రిల్లో పాఠాలు అయ్యాక బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. నవంబర్లో ఆ మంచం నా ఒక్కడిదే అయింది. దగ్గు ముందునుంచే ఉంది బాబూ అని వాళ్ళమ్మ నాతో అంది. ఆవిడ మంచిది కాబట్టి అంది. గ్రీకు బహుమతి ఇంకెవడికో వచ్చింది.

ఏం, నీకూ నా పొగరే వచ్చింది, నాకు తెలీదా? చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా నొప్పి లేదనేవాడివి, పిచ్చి సన్నాసీ. మా రోజుల్లో రైలు లేదు, నడక. నీకు సెయింట్ ఆండ్రూస్ దాకా రైలుంది, సాకులు చెప్పకు.

పెట్టె సోమవారం బండిలో పంపుతున్నాను. లోపల చాకుతో గీత గీశాను. పిండి ఆ గీత కిందికి దిగిన రోజే ఉత్తరం రాయి. మూతకి అంటించిన కవర్లో ఒక్కొక్కటి పెన్నీ చొప్పున ఆరు స్టాంపులున్నాయి. వాటిని అమ్మి పొగాకు కొన్నావని తెలిసిందో, నేనే రైలెక్కి వస్తాను.

మీ మామయ్య