నీల్ దీవిలో ఒక్క రోజు: గైడు కావాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కావలి. జనవరిలో అండమాన్ వెళుతున్నాం. నేను, మావారు, 11 ఏళ్ల బాబు, 8 ఏళ్ల పాప, 68 ఏళ్ల మామగారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నీల్ దీవిలో ఒక రాత్రి ఉండి, మర్నాడంతా తిరగాలని అనుకుంటున్నాం. చూడాల్సినవి నాలుగైదే కదా, గైడు దండగ అంటున్నారు మావారు. మీరేమంటారు? ఇంకో సందేహం. మా పడవ టికెట్టు మీద షహీద్ ద్వీప్ అని ఉంది. అది వేరే దీవా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ముందు పేరు సంగతి. రెండూ ఒకటే. 2018 డిసెంబరులో నీల్‌ను షహీద్ ద్వీప్‌గా, హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్ల మీద కొత్త పేర్లు ఉంటాయి, జనం నోట ఇంకా పాతవే.

గైడును తప్పకుండా పెట్టుకోండి. ఆ దీవికి నేను రెండుసార్లు వెళ్లాను. ఒకసారి గైడు లేకుండా, ఒకసారి గైడుతో. రెండుసార్లూ చూసింది ఒకే దీవినంటే నాకే నమ్మబుద్ధి కాదు.

మొదటిసారి 2014లో, నెల్లూరు నుంచి మేము నలుగురు ఉపాధ్యాయినులం కలిసి వెళ్లాం. మేము దిగిన చోట కుదిర్చిన కారు డ్రైవరు తన వీలును బట్టి తిప్పాడు. లక్ష్మణ్‌పూర్ రెండో తీరంలో ఒక రాతి వంతెన ఉంది. చచ్చిన పగడాలు రాయిగా మారిన గట్టును అలలు తొలిచి, తొలిచి వంతెనలా నిలబెట్టాయి. అక్కడ స్థిరపడిన బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అని పిలుచుకునేవారు. మేము చేరేసరికి నీళ్లు దారినంతా కప్పేశాయి. దూరం నుంచి చూసి వెనుదిరిగాం. 30 ఏళ్లు పిల్లలకు ఆటుపోట్ల పాఠం చెప్పిన నేను, పాటు (నీరు వెనక్కి తీసే వేళ) ఎన్నింటికో ఒక్కరినీ అడగకుండా వెళ్లాను. ఆ బాధ చాలా కాలం వదల్లేదు.

రెండోసారి మా అమ్మాయి, ఆరేళ్ల మనవరాలితో వెళ్లాను. ఈసారి ఊళ్లోనే పుట్టి పెరిగిన ఒక గైడును మాట్లాడుకున్నాం. వాళ్ల తాతగారు తూర్పు బెంగాల్ నుంచి శరణార్థిగా వచ్చి అక్కడ కూరగాయలు పండించారట. ముందురోజు సాయంత్రం, ‘రేపు టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయలుదేరుదాం’ అన్నాం. ఆయన తల అడ్డంగా ఊపాడు. ‘పౌర్ణమి వెళ్లి నాలుగు రోజులైంది. రేపు పాటు ఏడింటి లోపే. ఐదున్నరకు తయారుగా ఉండండి, టిఫిన్ తర్వాత చూద్దాం’ అన్నాడు. తిథి చెప్పి నీటి లెక్క చెప్పడం వినగానే నాకు మా నెల్లూరు తీరంలోని ఇసకపల్లి, మైపాడు పిల్లలు గుర్తొచ్చారు. తరగతిలో చంద్రుడి గురించి చెబుతుంటే, వాళ్ల నాన్న ఎప్పుడు వల వేస్తాడో వాళ్లే నాకు చెప్పేవారు.

లెక్క ఇదీ. పోటు, పాటు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. నిన్నటి వేళ కన్నా ఇవాళ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకూ పాటుకూ తేడా సుమారు 1 మీటరే. అండమాన్‌లో ఆ రోజుల్లో దాదాపు 2 మీటర్లు. అక్కడి ఒడ్డుకు వాలు తక్కువ కాబట్టి, నీరు తీసిందంటే సముద్రం అడుగు చాలా దూరం బయటపడుతుంది. నిన్న కుదిరిన వేళ ఎల్లుండికి కుదరదు. మీ కార్యక్రమాన్ని గడియారం చూసి కాకుండా నీటిని చూసి వేసుకోవాలి. అందుకే ఊరి మనిషి కావాలి.

ఆ ఉదయం మేము చూసింది ఎంత చెప్పినా తరగదు. రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో నీలం పెదవుల ఆల్చిప్పలు, దారం ముక్కల్లాంటి చేపపిల్లలు. నల్లటి బీరకాయలా కదలకుండా పడి ఉన్న ప్రాణిని చూపించి, ఇది ఇసుకను మింగి శుభ్రం చేసి వదులుతుందని చెప్పాడు. దాన్ని సముద్ర దోసకాయ అంటారు. నేను ఒంటరిగా వెళ్లి ఉంటే రాయనుకుని తొక్కేదాన్ని. ఒక చిన్న రాయిని ఎత్తి కింద దాక్కున్న పీతను మనవరాలికి చూపించాడు. తర్వాత ఆ రాయిని ఉన్నది ఉన్నట్టుగా, అదే వైపు కిందికి వచ్చేలా పెట్టాడు. తిరగేసి వదిలేస్తే అడుగున ఉన్నవన్నీ ఎండకు చచ్చిపోతాయట. ఆ పిల్ల మైపాడులో ఇప్పటికీ రాళ్లను అలాగే పెడుతుంది.

మేము తిరిగి వస్తుండగా తొమ్మిదిన్నరకు ఒక గుంపు దిగింది. అప్పటికే మోకాళ్ల లోతు నీళ్లు. వాళ్ల ముఖాల్లో 2014 నాటి మా నలుగురూ కనిపించారు.

ఇక మీ మామగారు. ఆయన్ను ఆ రాళ్ల మీదికి తీసుకువెళ్లకండి. పదునైన పగడపు రాళ్లు, నాచు, జారుడు. మీరు కూడా పట్టున్న బూట్లతోనే నడవాలి. ఆయనకు భరత్‌పూర్ తీరం హాయిగా ఉంటుంది. జెట్టీకి దగ్గరే, మెత్తని ఇసుక, చెట్ల నీడ. అక్కడ అడుగున గాజు బిగించిన పడవలు ఉంటాయి. తడవకుండానే పగడాలు చూడవచ్చు. ఎక్కేటప్పుడు ఎవరైనా చేయి పట్టుకోవాలి. పేర్లు విన్నారుగా: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. రాముడి ఇంటివాళ్లంతా అక్కడే ఉన్నారని మామగారికి చెప్పండి, సంతోషిస్తారు.

సూర్యాస్తమయం విషయంలో మన అలవాటును నమ్ముకోకండి. నీల్ మనకన్నా సుమారు 13 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున పొద్దు ముందుకు జరుగుతుంది, కానీ గడియారం మాత్రం మనదే. అందువల్ల అక్కడ పొద్దు చాలా ముందే గుంకుతుంది. జనవరిలో నాలుగున్నరకల్లా లక్ష్మణ్‌పూర్ మొదటి తీరంలో కూర్చుని ఉండాలి. ఆరింటికి చీకటి.

గైడుకు ఇచ్చే డబ్బు, చూపించే చోట్లు ముందే మాట్లాడుకోండి. నగదు దగ్గర ఉంచుకోండి. నీళ్లలోకి దిగే ముందు ఆయన్ను అడగండి. అండమాన్‌లో కొన్ని తీరాల్లో మొసళ్లు తిరుగుతాయి.

ప్రయాణానికి ముందు ఒక ఆదివారం పిల్లలను మీ దగ్గరి తుమ్మలపెంట తీరానికి తీసుకువెళ్లండి. వల బాగుచేసుకునే పెద్దవారిని, ‘తాతా, ఇవాళ పాటు ఎన్నింటికి?’ అని పిల్లల చేతే అడిగించండి. మర్నాటికి ఎంతవుతుందో బాబును లెక్కకట్టమనండి. నీల్‌లో గైడు మాట వాడికి ఇట్టే అర్థమవుతుంది.

ప్రశ్న: అండమాన్ నుంచి పగడపు కొమ్మ తెమ్మని మా చెల్లెలు అడిగింది. ఒడ్డున పడి ఉన్నదాన్ని తీసుకుంటే తప్పా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: తప్పే. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఒడ్డున చచ్చి పడిన ముక్క కూడా తేకూడదు. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. మీ చెల్లెలికి అక్కడి చెక్కబొమ్మ ఒకటి కొని తెండి.

గవ్వలనూ ముట్టుకోకండి. మా మనవరాలు ఒకటి ఏరి జేబులో వేసుకుంది. గైడు దాన్ని అడిగి తీసుకుని, అరచేతిలో పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నిమిషం తర్వాత అందులోంచి సన్నని ఎర్రటి కాళ్లు బయటికి వచ్చాయి. అది వెనుక భాగానికి గట్టి పెంకులేని పీత. పెరిగిన కొద్దీ పెద్ద గవ్వ వెతుక్కుని అందులోకి మారుతుందట. ‘ఎక్కడ తీశావమ్మా?’ అని అడిగి, పిల్ల చూపించిన చోటే, ఆ పొద కిందే, దాన్ని పిల్ల చేతులతోనే పెట్టించాడు.