నాలుగు మిల్లీమీటర్ల అక్షరం మీద బతుకు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. మా అబ్బాయి పోయిన ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఇంజనీరింగ్ వద్దని నెల్లూరులో ఒక రేడియం స్టిక్కర్ల షాపులో చేరాడు. చిన్న చిన్న అక్షరాలు కోయడమంటే వాడికి ప్రాణం. ఈమధ్య చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ల ప్యానెల్ బోర్డులకు తెలుగు లేబుళ్లు చేస్తానని సొంతంగా ఆర్డరు ఒప్పుకున్నాడు. నాలుగు మిల్లీమీటర్ల అక్షరాలు. సగం పీకేటప్పుడే లేచిపోయాయి, మిగిలినవి నెల తిరక్కుండా రాలిపోయాయి. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చాం. ఇది బతుకుదెరువు అవుతుందా? మాన్పించి ఇంజనీరింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: మాన్పించకండి. అలాగని ఇప్పుడున్న తీరులోనే సాగనివ్వకండి. ఆ ఆర్డరు చెడింది మీ అబ్బాయి చేతిలో పనితనం లేక కాదు. ఆ కొలత అక్షరానికి కత్తి సరిపోదని చెప్పేవారు పక్కన లేక. చేతిలోనే లోపమైతే వేరే దారి చూడమని నేనే చెప్పేవాడిని.

మీ ఉత్తరం వచ్చాక ఒంగోలులో చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్న ఒకరి దగ్గర అరపూట కూర్చున్నాను. స్టిక్కర్లు కోసే ప్లాటర్ యంత్రం బ్లేడును చేతిలో పెట్టి చూపించారు. దాని మొన పెన్ను మొనలా నడిమధ్యన ఉండదు, దాదాపు పావు మిల్లీమీటరు పక్కకు ఉంటుంది. గీత ఎటు పోతే అటు వెనకనుంచి ఈడ్చుకుంటూ తిరుగుతుంది. యాభై మిల్లీమీటర్ల అక్షరంలో ఆ పావు మిల్లీమీటరు కంటికి ఆనదు. నాలుగు మిల్లీమీటర్ల తెలుగు అక్షరంలో అదే కొంప ముంచుతుంది. 'ప్రమాదం' అని రాస్తే ప కింద క్రావడి ఉంది. 'విద్యుత్తు' అని రాస్తే ద కింద ఒక వత్తు, త కింద మరొకటి. అక్షరమే నాలుగు మిల్లీమీటర్లయితే వత్తు రెండుకు మించదు, దాని కడుపులోని సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంత ఇరుకులో బ్లేడు మలుపు తిరగలేక పొరను లాగేస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో నిలువు గీతలు, అడ్డగీతలే ఎక్కువ కాబట్టి అవి కొంత ఓర్చుకుంటాయి. తెలుగు అక్షరమంతా గుండ్రమే. ఇంగ్లీషు స్టిక్కర్లు చూసి నేర్చుకున్న కొలతలు తెలుగుకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

పైగా అబ్బాయి ఏ షీటు వాడాడో మీరు రాయలేదు. వెలుతురు పడితే మెరిసే రేడియం షీటే అయితే, అది ఈ పనికి బొత్తిగా తగదు. పేరుకు రేడియమే గానీ అందులో ఉండేది వెలుగును తిప్పికొట్టే గాజు పూసల పొర. అది మందంగా, పెళుసుగా ఉంటుంది. స్టిక్కర్లకు వాడే మామూలు రంగు ప్లాస్టిక్ షీటు, అంటే వినైల్‌లోనూ రెండు రకాలున్నాయి. రోలర్ల మధ్య సాగదీసి చేసే క్యాలెండర్డ్ రకం కాలం గడిచేకొద్దీ ముడుచుకుంటుంది. పెద్ద అక్షరానికి అంచున సన్నటి జిగురు గీత బయటపడుతుంది, అంతే. చిన్న అక్షరానికైతే పట్టుకుని ఉండేందుకు అసలు జిగురే ఎంత ఉందని? పోతపోసి చేసే క్యాస్ట్ రకం దాదాపు యాభై మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) మందమే ఉంటుంది, ముడుచుకోవడం బాగా తక్కువ. ఖరీదు ఎక్కువ కాబట్టి చిన్న షాపులు దాని జోలికి పోవు. మీ చెరువుల దగ్గర ఉప్పు గాలి, తేమ, ఎండ మూడూ ఉన్నాయి. ప్యానెల్ బోర్డు పెయింటు గరుకుగా ఉంటే జిగురు గుట్టల మీద మాత్రమే అంటుకుని గుంటలను వదిలేస్తుంది. ఇన్ని కలిస్తే నెల రోజులు నిలవడమే ఎక్కువ.

బ్లేడుతోనే చేయాల్సి వస్తే ఆ పెద్దాయన పద్ధతి ఇది. మామూలు నలభై అయిదు డిగ్రీల కోణం మొన ఉన్న బ్లేడు తీసి, అరవై డిగ్రీలది, అదీ కొత్తది పెట్టాలి. వేగం బాగా తగ్గించాలి. వినైల్ తెగాలి, కింది కాగితం మీద గీత మాత్రమే పడాలి. కోసిన వెంటనే అనవసరమైన ముక్కలు పీకేయాలి. ఆలస్యమైతే తెగిన అంచుల్లోకి జిగురు మళ్లీ పారి కలిసిపోతుంది. నెల్లూరు మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, అందుకే సన్న పని తెల్లవారుజామున పెట్టుకుంటానని చెప్పారు. ఇంత చేసినా తెలుగులో పది మిల్లీమీటర్ల కన్నా తక్కువ అక్షరాన్ని ఆయన కత్తితో ఒప్పుకోరు. అంతకన్నా చిన్నదైతే ముద్రిస్తారు. తెల్ల వినైల్ మీద అచ్చు వేసి, పైన లామినేషన్ చేసి, లేబుల్ అంచును మాత్రం కోస్తారు. అప్పుడు బ్లేడుకు తగిలేది ఒక పెద్ద దీర్ఘచతురస్రమే. ఇంకు ద్రావకం కలిసిన సాల్వెంట్ రకమైతే లామినేషన్‌కు ముందు ఒక రోజు ఆరనివ్వాలి, తొందరపడితే పొర లేస్తుంది. యంత్రాల పక్కన పదేళ్లకు పైగా నిలవాల్సిన పలకలకైతే వినైల్ మాట వదిలేసి, రెండు రంగుల ప్లాస్టిక్ పలక మీద అక్షరాలు చెక్కడమే మేలంటారు.

మీ అబ్బాయి నేర్చుకోవాల్సింది ఇదే. ఏ కొలతకు ఏ పద్ధతో తెలిసి, 'ఇది కత్తితో కాదు, ఇలా చేసిస్తాను' అని ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పగలగడం. అలా చెప్పగలిగినవాడికి మన ప్రాంతంలో పని ఉంది. నంబరు ప్లేట్ల స్టిక్కర్లనే నమ్ముకున్న షాపులు ఎలా దెబ్బతిన్నాయో మీకు తెలిసే ఉంటుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నింటికీ అక్షరాలు అచ్చొత్తి వచ్చే హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరయ్యాయి. ఫ్లెక్సీల్లోనూ వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి నిషేధం. పెద్ద అక్షరాల పని ఇలా ఒక్కో ఉత్తర్వుతో కుంచించుకుపోతోంది. చిన్న అక్షరం సంగతి వేరు. కృష్ణపట్నం చుట్టూ థర్మల్ కేంద్రం, వంటనూనె కర్మాగారాలు, తీరం వెంట రొయ్యల హేచరీలు, శుద్ధి కేంద్రాలు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ప్రతి స్విచ్చుకూ, పైపుకూ, మోటారుకూ పేరు కావాలి, హెచ్చరిక కావాలి. పనివాళ్లు చదవగలిగే తెలుగులో కావాలి. అమ్మకానికి వెళ్లే ప్యాకెట్ల మీద తప్పనిసరి వివరాల అక్షరం ఒక మిల్లీమీటరుకు తగ్గకూడదని 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిబంధన తెలిసి లేబుల్ రూపొందించేవాడిని చిన్న వ్యాపారులు వెతుక్కుంటూ వస్తారు.

చదువు విషయానికి వస్తే, ఇంటర్‌తో ఆపేయడం నాకు సమ్మతం కాదు. అబ్బాయి షాపు వదలకుండా డిగ్రీలో చేరవచ్చు. సైన్సు డిగ్రీ ఉంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌లో పీజీ డిప్లొమాకు అర్హత వస్తుంది. దానికి చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ కేంద్రాలున్నాయి. ఇంజనీరింగే కావాలని మీకు గట్టిగా ఉంటే, చెన్నై గిండీలో అన్నా విశ్వవిద్యాలయం కళాశాలలో ప్రింటింగ్, ప్యాకేజింగ్ టెక్నాలజీ శాఖ ఉంది. ఇతర రాష్ట్రాల విద్యార్థుల ప్రవేశ నిబంధనలు ముందుగా చూసుకోండి. ఏదో ఒక కాలేజీలో ఏదో ఒక బ్రాంచి మాత్రం వద్దు, దయచేసి. అంత దూరం వద్దనుకుంటే ఐటీఐలో కంప్యూటర్‌పై అచ్చు పుటలు కూర్చడం నేర్పే డీటీపీ ఆపరేటర్ కోర్సు ఒక ఏడాదే. అందులో చేరినా చేరకపోయినా బొమ్మలు గీసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అక్షరం గీతలను సరిదిద్దడం, అచ్చు పనిలో వాడే పాత అను తెలుగు ఫాంట్లలో ఉన్నదాన్ని అన్ని కంప్యూటర్లలో చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి తప్పులు చూడటం బాగా రావాలి. హెచ్చరిక పలకలో ఒక వత్తు ఎగిరిపోతే మనిషికి ప్రమాదం.

ఇప్పుడే యంత్రం కొనిపెట్టకండి. ముద్రించి కోసే యంత్రం కొన్ని లక్షలు అవుతుంది. ఏడాదిన్నర పాటు అబ్బాయి కోత నెల్లూరులో చేసుకుని, ముద్రణ వేరే చోట చేయించుకోనివ్వండి. నెలనెలా లెక్క రాయమనండి: ఎన్ని లేబుళ్లు, ఎన్ని పాడయ్యాయి, ఎవరు మళ్లీ వచ్చారు. మళ్లీ వచ్చేవారు నలుగురైదుగురు తేలాక అప్పు సంగతి చూద్దాం. సొంత యూనిట్లకు కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ పథకం కింద గ్రామంలో యూనిట్ పెడితే సాధారణ వర్గానికి ఇరవై అయిదు శాతం, ప్రత్యేక వర్గాలకు ముప్పై అయిదు శాతం రాయితీ ఉంది.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పండి. బ్లేడు కోయలేనిది లేజర్ కోస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. వినైల్ అంటే పీవీసీ. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది, యంత్రాన్నీ తినేస్తుంది.

డబ్బు తిరిగి ఇచ్చామని రాశారు, మంచి పని చేశారు. మీ చెరువుల దగ్గరా ప్యానెల్ బోర్డులు ఉండే ఉంటాయి కదా. ఆ లేబుళ్లనే మళ్లీ చేయమని అబ్బాయిని అడగండి. ఈసారి ముద్రించి, లామినేషన్ చేసి, బోర్డును స్పిరిటుతో తుడిచి అంటించమనండి. పక్కనే పది మిల్లీమీటర్ల కోత అక్షరాలవి క్యాస్ట్ వినైల్‌తో కొన్ని పెట్టమనండి. వానలు వెలిశాక ఇద్దరూ కలిసి వెళ్లి చూసి, ఏవి నిలిచాయో నాకు రాయండి.