27 వేల స్ట్రోలర్: వాయిదా కన్నా ముందు మెట్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మా పాపకు అయిదో నెల నడుస్తోంది. నెల్లూరు వేదాయపాళెంలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం, లిఫ్టు లేదు. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 58,000 వస్తాయి. అద్దె 11,000, చిన్న కారు వాయిదా 9,400, పాప డైపర్లతో కలిపి ఇంటి ఖర్చు 26,000 దాకా అవుతోంది. బ్యాంకులో 45,000 ఉన్నాయి. మా వారు పొద్దున్నే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరుగెడతారు. పాపను కూడా తీసుకెళ్లొచ్చని మూడు చక్రాల స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి) ఒకటి చూశాం. ధర 27,000. నెలకు 3,000 చొప్పున తొమ్మిది నెలల ‘నో కాస్ట్’ వాయిదా ఇస్తామంటున్నారు. ఆ 3,000 సుకన్య సమృద్ధిలో వేద్దామని ముందు అనుకున్నాం. మా అత్తమ్మేమో నాలుగైదు వేలకు మామూలు బండి వస్తుంది కదా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఇప్పుడైతే కొనకండి. నాలుగు నెలలు ఆగండి. ఆగమంటున్నది డబ్బు గురించి మాత్రమే కాదు. మీ పాపది ఇంకా పరుగు బండిలో కూర్చునే వయసు కాదు. పరుగెత్తేటప్పుడు వచ్చే కుదుపులను మెడ తట్టుకోవాలి, పాప ఆసరా లేకుండా కూర్చోగలగాలి. ఈ బండ్లు తయారుచేసే కంపెనీలు కనీసం ఆరు నెలలు నిండాలంటాయి, కొన్ని ఎనిమిది నెలలంటాయి. ఆ తర్వాత కూడా మీ పిల్లల డాక్టరు సరేనన్నాకే పరుగు. ఇవాళ కొంటే, వాడకం మొదలయ్యేసరికి రెండు మూడు వాయిదాలు కట్టేసి ఉంటారు.

ముందు ఆ ‘నో కాస్ట్’ సంగతి చూద్దాం. వడ్డీ లేని అప్పు ఉండదు. సున్నా వడ్డీ అనే మాటకు అర్థమే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఇక్కడ జరిగేది ఇది: మీ కార్డు మీద 15 శాతం వడ్డీ అనుకుంటే, తొమ్మిది నెలల్లో 27,000 వసూలు కావడానికి బ్యాంకు ఇచ్చే అప్పు సుమారు 25,390. మిగతా 1,610 వడ్డీ. ఆ వడ్డీని అమ్మేవాళ్లు ధరలో తగ్గించినట్టు చూపిస్తారు. అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అది 290. ప్రాసెసింగ్ రుసుము 199 ఉందనుకుంటే పన్నుతో కలిపి 235. అంటే దాదాపు 525 మీ చేతి నుంచి పోతాయి. ఇది పెద్ద మొత్తం కాదు. అసలు నష్టం వేరే చోట ఉంది. అదే బండికి ఒకేసారి డబ్బు కట్టేవాళ్లకు వెయ్యో రెండు వేలో తగ్గింపు ఉంటే, వాయిదా ఎంచుకున్నవాళ్లకు చాలాసార్లు అది దొరకదు. రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు శాతం పైన వడ్డీ మొదలవుతుంది, కనీస మొత్తం కూడా కట్టకపోతే ఆలస్య రుసుమూ పడుతుంది. బండి నచ్చక వెనక్కిచ్చినా ప్రాసెసింగ్ రుసుము సాధారణంగా తిరిగి రాదు. వాయిదా రద్దు చెయ్యమని బ్యాంకుకు మీరే విడిగా చెప్పాల్సి రావచ్చు.

ఇక బండి అసలు ఖరీదు ఎంత పడుతుందో చూడండి. పాపకు తొమ్మిదో నెల నుంచి మూడేళ్ల దాకా వాడితే 27 నెలలు. వాడాక 9,000కు అమ్ముడుపోయిందనుకుందాం. మీకు పడేది 18,000, నెలకు 667. నెలలో పదిహేను రోజులు బయటికి తీస్తే రోజుకు దాదాపు 44 రూపాయలు. అది న్యాయమైన ఖర్చే. నెలకు రెండుసార్లే తీస్తే ఒక్కోసారికి 333 పడుతుంది, ఆ డబ్బుకు ఆటోలో తిరిగి రావచ్చు. మీరు ఎన్నిసార్లు తీస్తారన్నది బండి మీద కాదు, మీ ఇంటి మెట్ల మీద ఆధారపడి ఉంటుంది.

పరుగుకు పనికొచ్చే మూడు చక్రాల బండి 11 నుంచి 13 కిలోలుంటుంది. తొమ్మిదో నెలకు పాప ఎనిమిది కిలోలనుకోండి. రెండూ కలిసి ఇరవై కిలోల దాకా ఉంటాయి. పాపను బండిలో ఉంచి మెట్ల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ మొయ్యకండి. పట్టు జారితే ఆపడానికి ఏమీ ఉండదు. పాపతో ఒకరు, బండితో ఒకరు దిగాలి. మీ వారు ఒంటరిగా వెళ్లే రోజుల్లో ఎలా కుదురుతుంది? కింద మెట్ల పక్కన గొలుసు వేసి ఉంచుకునే చోటు ఇంటివాళ్లు ఇస్తారేమో ముందే అడగండి. ఆ చోటు దొరక్కపోతే ఈ బండి మీకు వద్దు. అదొక్కటే చాలు నిర్ణయానికి. తర్వాత కారు డిక్కీ కొలవండి. ఈ రకం బండి మడిచినా దాదాపు 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉంటుంది. మీ చిన్న కారులో సీఎన్‌జీ సిలిండరు ఉంటే ఇక చోటుండదు. వెనక చక్రాలు బటన్ నొక్కగానే ఊడివచ్చే రకమైతే కొంత నయం. స్టేడియానికి కారులోనే వెళ్తారనుకుంటే, ఈ కొలత తప్పితే 27,000 ఇంట్లోనే ఉండిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, మూడు చక్రాలున్న ప్రతిదీ పరుగు బండి కాదు. ముందు చక్రం చిన్నదిగా, గట్టి ఫోమ్‌తో ఉండి, ఎటు పడితే అటు తిరుగుతూ ఉండే బండ్లనూ ‘జాగర్’ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. అవి నడకకు సరిపోతాయి. నిజమైన పరుగు బండికి గాలి నింపే టైర్లుంటాయి. సాధారణంగా ముందుది 12 అంగుళాలు, వెనకవి 16. ముందు చక్రాన్ని నేరుగా లాక్ చేసే ఏర్పాటు ఉంటుంది. తిరిగే చక్రంతో పరుగెడితే చిన్న రాయి తగిలినా చక్రం అడ్డం తిరిగి బండి మూల మీదికి బోల్తా పడుతుంది. ముందు ఒకటే చక్రం కాబట్టి పక్కలకు ఆసరా తక్కువ. అందుకే పరుగంటే లాక్ వెయ్యాల్సిందే. ఇవిగాక వెనక చక్రాలకు సస్పెన్షన్, మణికట్టుకు కట్టుకునే తాడు, వీలైతే చేతి బ్రేకు ఉండాలి. సూచనల పుస్తకంలో పరుగుకు వాడొచ్చని రాసి ఉందో లేదో కొనకముందే అడిగి చదవండి. వెబ్‌సైట్‌లో బొమ్మ చూసి నమ్మకండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్833. వీటిలో ఒకటైనా పెట్టె మీద ఉంటే మంచిది. బరువు పరిమితి 15 కిలోలని ఉంటే మూడేళ్ల దాకా రాకపోవచ్చు, 22 కిలోలది చూడండి.

షాపుకు వెళ్లేటప్పుడు పది కిలోల బియ్యం సంచి పట్టుకెళ్లండి. దాన్ని సీట్లో పెట్టి బెల్టు వేసి, వాలు ర్యాంపు మీద బ్రేకు నొక్కి వదలండి. అంగుళం కూడా కదలకూడదు. ఒక్క పెడల్‌తో రెండు వెనక చక్రాలూ ఆగాలి. తర్వాత ముందు చక్రం లాక్ చేసి, హ్యాండిల్ వదిలేసి, నున్నటి నేల మీద పదడుగులు తోసి చూడండి. ఒక పక్కకు లాగుతుంటే చక్రం వంకర. మంచి బండ్లలో దాన్ని సరిచేసే స్క్రూ ఉంటుంది, అది ఎక్కడుందో చూపించమనండి. బెల్టు అయిదు చోట్ల పట్టుకునేదిగా ఉండాలి, అంటే భుజాలు రెండు, నడుము రెండు, కాళ్ల మధ్య ఒకటి. హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించే అలవాటు మాత్రం పెట్టుకోకండి. పాపను దించగానే బండి వెనక్కి తిరగబడుతుంది.

ఖర్చు ధరతో ఆగదు. మన వైపు రోడ్డు పక్కన చిల్లకంప ఉంటుంది. గాలి టైరుకు ఆ ముల్లు దిగితే పంక్చరే. కొనేముందు టైరు పక్కన రాసిన సైజు చూసుకోండి. 12½×2¼, 16×1.75 అని ఉంటే పిల్లల సైకిళ్ల సైజే కాబట్టి ట్యూబు సైకిల్ షాపులో అడిగి తెచ్చుకోవచ్చు. వింత సైజైతే ట్యూబు కోసం చెన్నై దాకా వెతకాల్సొస్తుంది. ఇంకో చిక్కు వాల్వు దగ్గర వస్తుంది. వీటికి ఎక్కువగా మోటారు సైకిల్ వాల్వే ఉంటుంది, కాబట్టి మామూలు సైకిల్ పంపు ముక్కు పట్టదు. పెట్రోలు బంకులో గాలి కొట్టిస్తే ఆ ఒత్తిడికి చిన్న ట్యూబు పేలిపోవచ్చు. కొలత మీటరున్న చేతి పంపొకటి కొనుక్కుని, టైరు మీద రాసిన పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకానే నింపండి. ఎక్కువైతే బండి ఎగిరెగిరి పడుతుంది, తక్కువైతే ఒక పక్కకు లాగుతుంది. మైపాడు బీచికి తీసుకెళ్తే తడి ఇసుక మీద బాగానే నడుస్తుంది. పొడి ఇసుకలో ముందు చక్రం దిగబడుతుంది, అప్పుడు వెనక్కి తిప్పి లాక్కెళ్లాలి. ఇంటికొచ్చాక చక్రాలు మంచినీళ్లతో కడిగి తుడవకపోతే ఉప్పుకు బేరింగులు తుప్పు పడతాయి.

ఎండ గురించి ఒక మాట. వేసవిలో ఎండ తగలకుండా బండి మీద చీరో దుప్పటో కప్పుతారు. లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది, పాప ఎలా ఉందో మీకు కనిపించదు. అలా చెయ్యకండి. మే నెలలో ఏడున్నరకల్లా ఇంట్లో ఉండండి.

మీ అత్తమ్మ మాటలోనూ నిజముంది. నాలుగైదు వేల నాలుగు చక్రాల బండి ఆరేడు కిలోలుంటుంది, ఒక చేత్తో మెట్లు దిగొచ్చు. ఆస్పత్రికి, షాపులకు, పెళ్లిళ్లకు అది చాలు. చిన్న ప్లాస్టిక్ చక్రాలు కాబట్టి కంకర మీద, సిమెంటు రోడ్డు పగుళ్లలో ఇరుక్కుంటుంది. దాంతో పరుగు మాత్రం వద్దు. మీ వారు నిజంగా వారానికి నాలుగు రోజులు పాపతో వెళ్తారా అన్నది ఈ నాలుగు నెలల్లో తేల్చుకోండి. ఈలోగా పాపను ఎదకు కట్టుకునే క్యారియర్‌తో స్టేడియంలో నడిచి చూడమనండి. పాప ముఖం కనపడుతూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. వారానికి ఒక్కరోజు కూడా వెళ్లకపోతే జవాబు దొరికినట్టే.

డబ్బు ఇలా సర్దుకోండి. ఖర్చులు పోగా నెలకు 11,600 మిగులుతున్నాయి. మీ ఇల్లు నడవడానికి నెలకు 46,400 కావాలి. బ్యాంకులో ఉన్న 45,000 ఒక్క నెలకు కూడా చాలదు. నాకు బండి కన్నా ఎక్కువ కంగారు పుట్టిస్తున్నది ఇదే. నెలకు 6,600 అత్యవసర నిధిగా అక్కడికే పంపండి, కనీసం మూడు నెలల ఖర్చు చేరేదాకా. ఆఫీసు ఆరోగ్య బీమాలో పాప పేరు చేర్చారో లేదో ఈ వారమే చూడండి. పుట్టిన పిల్లల్ని చేర్చడానికి చాలా పాలసీల్లో గడువు ఉంటుంది.

సుకన్య సమృద్ధి ఖాతా ఆలస్యం చెయ్యాల్సిన పనిలేదు. జనన ధ్రువపత్రంతో పోస్టాఫీసులో 250 రూపాయలతో తెరవొచ్చు, ఏడాదికి కనీసం అంతే కట్టినా ఖాతా నిలుస్తుంది. ఇప్పటికి నెలకు 2,000 వెయ్యండి. ప్రతి నెలా అయిదో తేదీలోపు వేస్తేనే ఆ నెల వడ్డీ వస్తుంది. వడ్డీని మూడు నెలలకోసారి సమీక్షిస్తారు, 2024 జనవరిలో 8.2 శాతం చేశారు. ఆ లెక్కన ఈ 27,000 ఇరవై ఏళ్లకు 1,30,000 అవుతుందని ఎవరైనా మిమ్మల్ని భయపెట్టొచ్చు. ఆ పోలిక నాకు నచ్చదు. పాప తండ్రితో పొద్దున్నే గాలిలో తిరగడానికీ విలువుంది. బండి వాడకపోతేనే అది దండగ.

మిగిలిన 3,000ను నాలుగు నెలలు విడి పొదుపు ఖాతాలో వేస్తే 12,000 అవుతాయి. మెట్లు, డిక్కీ, అలవాటు మూడూ కుదిరితే అప్పుడు వాడిన బండి చూడండి. ఇది చాలామంది కొన్నాళ్లకే వదిలేసే వస్తువు కాబట్టి చెన్నైలో మంచివి దొరుకుతాయి. కొత్త ధరలో సగానికి మించి ఇవ్వకండి. మడత దగ్గర ఫ్రేము పగులు, బెల్టు కుట్లు, బకిల్, చక్రం ఊగిసలాట చూసుకోండి. బండి కళ్లారా చూడకుండా అడ్వాన్సు పంపకండి. ‘డబ్బు వాపసు వస్తుంది, పిన్ కొట్టండి’ అంటే ఫోను పెట్టెయ్యండి, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. విదేశాల్లో ఉన్న బంధువులు తెస్తామన్నా టైరు సైజు అడిగాకే సరేననండి. మెట్లు, డిక్కీ, అలవాటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, ఆ 12,000లో 5,000తో అత్తమ్మ చెప్పిన బండి తెచ్చుకుని మిగతాది అత్యవసర నిధిలో కలిపెయ్యండి.