కొరియా కళాఖండాల దగ్గర ఇంటర్న్‌షిప్: చేయిస్తారా, చూపించి పంపేస్తారా?

ప్రశ్న: ఆర్ట్ హిస్టరీలో ఎం.ఏ. ఫైనలియర్ చదువుతున్నాను. అమెరికాలో ఒక మ్యూజియంలోని కొరియా కళా విభాగంలో ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేద్దామని ఉంది. సీరియల్స్ చూసి నేర్చుకున్న నాలుగు ముక్కలు తప్ప నాకు కొరియన్ రాదు. అక్కడ నిజంగా ఏం పని చేయిస్తారు, జిరాక్సులేనా? జీతం రాని పనికి అంత దూరం ఎందుకని ఇంట్లో ఒకటే గొడవ. - ఒక పాఠకురాలు

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, గొడవ దాని మీదే కాబట్టి. ఒకప్పుడు మ్యూజియం ఇంటర్న్‌షిప్ అంటే ఊరికే చాకిరీ, కలిగినవాళ్ల పిల్లలకే చెల్లేది. అమెరికాలోని ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘమే 2019లో ఇంటర్న్‌లకు డబ్బివ్వాలని తీర్మానం చేసింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం అయితే ఒక దాత ఇచ్చిన 50 లక్షల డాలర్లతో ఇంటర్న్‌లందరికీ డబ్బిచ్చే ఏర్పాటు చేసుకుంది. ఇప్పటికీ ఉత్త చేతులతో పని చేయించుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకో దండం పెట్టి ఊరుకోండి. వీసా దగ్గర మాత్రం నాన్చకండి. జె-1 అనే ఎక్స్‌చేంజ్ వీసాలో ఇంటర్న్ కేటగిరీకి మీరు ఇంకా చదువుతూ ఉండాలి, లేదా చదువు పూర్తయి 12 నెలలు దాటకూడదు.

ఇక పని. జిరాక్సులు, స్కానింగులు ఉంటాయి, ఎందుకుండవు! కానీ అసలు మజా స్టోర్‌రూంలో ఉంటుంది. గొర్యో కాలం (918–1392) నాటి లేత ఆకుపచ్చ సెలడాన్ గిన్నె, అంటే గాజులాంటి పూత (గ్లేజు) వేసి కాల్చిన మట్టిగిన్నె, ఒకటి మెత్త పరిచిన బల్ల మీద పెట్టి, పక్కన ఒకరు నిలబడి, దీని కండిషన్ రిపోర్ట్, అంటే ఎక్కడ పగులుంది, ఎక్కడ అతుకుంది అన్న వివరాలు, రాయమన్నారనుకోండి. ఉంగరాలు, గాజులు, మెడలో వేలాడే ఐడీ కార్డు ముందే తీసేయాలి. కాటన్ గ్లోవ్స్ వేసుకుంటే నున్నటి గ్లేజు మీద జారిపోతుంది కనుక నైట్రైల్ గ్లోవ్స్‌తోనో, శుభ్రంగా కడుక్కున్న ఒట్టి చేతులతోనో పట్టుకుంటారు, అదీ రెండు చేతులతో. అడుగున చూస్తే చాలావాటికి నువ్వుగింజంత తెల్ల మచ్చలు మూడు కనిపిస్తాయి, కొలిమిలో అంటుకుపోకుండా గిన్నె కింద పెట్టిన పలుగురాతి ముక్కల గుర్తులవి. లోపలివైపు కొంగలు, మబ్బులు ఉంటే, మట్టి పూర్తిగా ఆరకముందే గీతలు చెక్కి వాటిలో వేరే రంగు మట్టి నింపే ‘సాంగమ్’ పని అన్నమాట. అంచున బంగారు రంగు అతుకు కనిపించిందా, అలా అతకడం జపాన్ పద్ధతి కాబట్టి, ఆ గిన్నె ఏదో ఒక కాలంలో జపాన్‌లో ఒకరి ఇంట్లో ఉండి ఉంటుందని అనుమానించి, అది ఎవరెవరి చేతులు మారిందో చెప్పే ఫైలు తీయాలి.

ఆ ఫైలే నా దృష్టిలో ఈ ఇంటర్న్‌షిప్‌లో అన్నిటికన్నా విలువైంది. గొర్యో సెలడాన్లు ఎన్నో సమాధులు తవ్వి తీసినవి, జపాన్ కొరియాను ఏలిన 1910–45 మధ్య, అంతకు కాస్త ముందు కూడా డీలర్ల చేతులు మారి విదేశాలకు చేరాయి. ఎవరు అమ్మారు, ఏ ఏడు, రశీదు ఉందా, మధ్యలో ఖాళీలెన్ని, ఇవి వెతకడం డిటెక్టివ్ పనిలా ఉంటుంది గానీ తేలేది అన్నిసార్లూ మింగుడుపడేది కాదు. అలాగని అన్నీ ఒకే తీరు కాదు లెండి. బ్రిటిష్ మ్యూజియంలోని తెల్లటి ‘మూన్ జార్’ని, అంటే రెండు పెద్ద గిన్నెలు మూతికి మూతి అతికించి చేసిన జాడీని, బెర్నార్డ్ లీచ్ అనే కుండల కళాకారుడు 1935లో సియోల్‌లో కొన్నాడు. తర్వాత స్నేహితురాలు లూసీ రీకి ఇచ్చాడు, ఆవిడ పోయాక 1999లో మ్యూజియానికి చేరింది. మసాచుసెట్స్‌లోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియంలో, 1883లో కొరియా రాయబార బృందంతో వచ్చి చదువుకోవడానికి ఆగిపోయిన యూ గిల్-జున్ ఇచ్చి వెళ్లిన తన బట్టలున్నాయి.

భాష గురించి అంత టెన్షన్ వద్దు. కొరియన్ వస్తే నిజంగానే మేలు, కొన్ని చోట్ల తప్పనిసరి అని ప్రకటనలోనే రాస్తారు, అక్కడ అప్లై చేయకండి. మిగతా చోట్లకి కనీసం హంగుల్ (కొరియన్ లిపి) అక్షరాలు చదవడం వచ్చేలా చూసుకోండి, వారం పది రోజుల పని. పాత చిత్రాల మీది రాతలు ఎక్కువగా చైనా లిపిలోనే ఉంటాయి, వాటి దగ్గర కొరియన్ వచ్చినవాళ్లూ తల గోక్కుంటారు. స్పెల్లింగులు కూడా చూసుకోండి: 2000లో కొరియా ప్రభుత్వం ఇంగ్లిష్ స్పెల్లింగ్ పద్ధతి మార్చింది, పాత ఫైళ్లలో రాజవంశాల పేర్లు కొర్యో, చోసన్ అని ఉన్నవే కొత్తవాటిలో గొర్యో, జోసన్ అని ఉంటాయి, ఒక్క స్పెల్లింగుతో వెతికితే సగం దొరకవు.

అప్లికేషన్ లెటర్‌లో కె-డ్రామా ప్రేమ గురించి రాయకండి, దయచేసి. ఆ మ్యూజియం ఆన్‌లైన్ కలెక్షన్‌లోంచి ఒక్క వస్తువు ఎంచుకుని, దాన్ని జూమ్ చేసి చూసి, మీకేం కనబడిందో, ఏం అర్థం కాలేదో ఒక పేరాలో రాయండి. చాలా చోట్ల వేసవి ఇంటర్న్‌షిప్‌ల గడువు చలికాలంలోనే అయిపోతుంది, అందుకని మీ ప్రొఫెసర్‌ని రికమెండేషన్ లెటర్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి.