గిటార్‌కు గిగ్ బ్యాగ్ చాలా, హార్డ్ కేస్ కొనాలా? ముందు దారిలో అది ఎవరి చేతిలో ఉంటుందో చూడండి

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం వచ్చి కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్తున్నారు. యమహా ఎఫ్310 గిటార్ వెంట తీసుకెళ్తారు. వచ్చిపోవడం ఎక్కువగా గౌతమి ఎక్స్‌ప్రెస్ రైల్లో, టికెట్ దొరక్కపోతే స్లీపర్ బస్సులో. వచ్చే ఏడాది ఒకసారి ఫ్లైట్ కూడా ఉండొచ్చు. షాపులో గిటార్‌తో పాటు ఇచ్చిన బ్యాగ్ సరిపోతుందా, స్పాంజి బాగా ఉన్న గిగ్ బ్యాగ్ కొనాలా, లేక గట్టి పెట్టెలా ఉండే హార్డ్ కేసే కొనాలా?

జవాబు ముందే చెప్పేస్తాను. మీకు మంచి గిగ్ బ్యాగ్ చాలు. బస్సు డిక్కీలో పడేయాల్సి వచ్చినా, ఫ్లైట్‌లో లగేజీకి ఇవ్వాల్సి వచ్చినా ఆ ఒక్క ప్రయాణానికి హార్డ్ కేస్ ఉండాల్సిందే. షాపులో ఊరికే ఇచ్చిన పల్చటి రెక్సిన్ సంచీని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఇంట్లో దుమ్ము పడకుండా ఉండటానికి అది పనికొస్తుంది, అంతకు మించి ఏమీ లేదు.

నేను గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్లు గిటార్ వాయించాను, ఆదివారాలు చర్చిలో ఇప్పటికీ వాయిస్తున్నాను. వ్యాన్, ఆటో, బైక్, ఆర్టీసీ బస్సు, రైలు, అన్నిట్లోనూ గిటార్లు తిప్పాను. తోటివాళ్ల గిటార్లు విరగడం, వాటిని అతికించడం దగ్గరుండి చూశాను. చాలామంది గిటార్ ఖరీదు చూసి కేస్ కొంటారు. నన్నడిగితే చూడాల్సింది వేరే ఉంది. గిటార్ మీ భుజం మీదో, మీ కాళ్ల మధ్యో, మీ బెర్త్ మీదో ఉన్నంతసేపు బ్యాగే మేలు, అది ఎంత ఖరీదైన గిటారైనా సరే. మీ చేయి దాటి క్లీనర్ చేతికో, లోడర్ చేతికో వెళ్లిందంటే కేస్ కావాలి, అది ఎంత చవకైన గిటారైనా సరే. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లకు అది కూడా ఒక సామాను, దాని మీద ఇంకో పది సామాన్లు పెట్టాలి.

అసలు గిటార్ ఎక్కడ విరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. బాడీకి తగిలే దెబ్బల కంటే నెక్ చివర, తీగలు ఆనే నట్ పక్కన, ట్యూనింగ్ కీలుండే హెడ్‌స్టాక్ మొదలయ్యే చోట జరిగే నష్టం పెద్దది. అక్కడ చెక్క సన్నగా ఉంటుంది. చాలా గిటార్లలో నెక్ లోపలి ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, తిప్పడానికి ఆ చోటే తొలిచి ఉంటారు, దాంతో ఇంకా బలహీనపడుతుంది. గిబ్సన్ లెస్ పాల్ లాంటి ఎలక్ట్రిక్ గిటార్లలో హెడ్‌స్టాక్ 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, నెక్ మహాగని. అందుకే అవి విరగడంలో పేరు మోశాయి. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో హెడ్‌స్టాక్ నెక్‌తో పాటే తిన్నగా ఉంటుంది, నెక్ మేపుల్, పైగా బోల్టులతో బిగించింది, కాబట్టి అది మొండిది. మీ ఎఫ్310 లాంటి అకూస్టిక్‌లో కూడా హెడ్‌స్టాక్ కొంచెం వెనక్కి వాలే ఉంటుంది. దానికి తోడు 12 గేజ్ మందం తీగలు మామూలు ట్యూనింగ్‌లో అన్నీ కలిపి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. ఒక మనిషి బరువంత లాగుడు రాత్రీ పగలూ ఆ నెక్ మీద ఉంటుందన్నమాట.

ఇప్పుడు గోడకు నిలువుగా ఆనించిన కేస్ జారి పడిందనుకోండి. బాడీ కేస్‌తో పాటే ఆగిపోతుంది. ఆరు ట్యూనింగ్ కీల బరువు మోస్తున్న హెడ్‌స్టాక్ మాత్రం అదే ఊపులో ఇంకొంచెం ముందుకు పోతుంది. చెక్క చిట్లేది ఆ క్షణంలోనే. మా లీడ్ గిటారిస్టు గిటార్‌కు సరిగ్గా ఇలాగే జరిగింది. కల్యాణ మండపంలో స్టేజీ వెనక, కొత్త ప్లైవుడ్ కేస్‌లో, స్తంభానికి ఆనించి ఉన్న గిటార్. ఎవరో వైరు లాగారు, కేస్ పక్కకు పడింది. కేస్ మీద గీత కూడా లేదు. తెరిచి చూస్తే తీగలన్నీ వదులై వేలాడుతున్నాయి, నట్ వెనక సన్నటి ఏటవాలు చీలిక. వేలితో నొక్కితే విచ్చుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. ఆ చీలికలోకి జిగురు ఎక్కించి, క్లాంపులు బిగించి ఒక పెద్దాయన దాన్ని మళ్లీ నిలబెట్టారు, ఇప్పటికీ మోగుతోంది. అయితే ఆ రోజు నుంచి మా బృందంలో ఎవరూ కేస్‌ను నిలబెట్టలేదు. పక్కకు పడుకోబెడతాం, లేదా అసలు కింద పెట్టం.

కాబట్టి హార్డ్ కేస్ కొన్నంత మాత్రాన నిశ్చింత రాదు. లోపల గిటార్ సరిగ్గా కూర్చోవాలి. కేస్ మూసి, రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే ఆ కేస్ మీ గిటార్‌ది కాదు. హెడ్‌స్టాక్ చివర గానీ, దాని వెనకవైపు గానీ కేస్‌కు తగలకూడదు. బరువంతా బాడీ మీద, నెక్ కింద ఉండే మెత్త మీద పడాలి. ఖాళీ ఉంటే హెడ్‌స్టాక్ చుట్టూ పాత చేతిరుమాళ్లో, నూలు తువ్వాలో వదులుగా సర్దండి. కుక్కితే అదే హెడ్‌స్టాక్‌ను పైకి తోస్తుంది. ఇంకో సంగతి, కేస్ ఎత్తే ముందు లాచ్‌లన్నీ పెట్టారో లేదో చేత్తో తడిమి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ప్రోగ్రాం అయ్యాక రెండు గంటల రాత్రి, నిద్రమత్తులో, ఒక్క లాచ్ పెట్టి ఎత్తేవాళ్లుంటారు. మూత తెరుచుకుని గిటార్ నేల మీద పడుతుంది.

ఇక గిగ్ బ్యాగ్. ఇందులో మంచిదీ చెడ్డదీ ఫొటో చూసి చెప్పలేం, చేత్తో పట్టుకోవాలి. స్పాంజిని రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కండి. వేళ్లు దాదాపు కలిసిపోతే వదిలేయండి. ఇరవై మిల్లీమీటర్ల మందం, అదీ గట్టి స్పాంజి అయితే మీ అవసరానికి బాగుంటుంది. లోపల నెక్ కింద మెత్త, దాన్ని కట్టడానికి వెల్‌క్రో పట్టీ ఉంటే ఇంకా మంచిది. భుజం పట్టీలు బ్యాగ్‌కు కలిసే చోట కుట్టు చూడండి. చతురస్రంలా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డకుట్టు వేసి ఉండాలి. ఒంటి కుట్టు పట్టీ బైక్ మీద తెగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జిప్‌ను బాడీ వంపుల దగ్గర రెండు మూడుసార్లు లాగి చూడండి, ముందు పట్టేసేది అక్కడే.

చాలామంది చూడనిది అడుగుభాగం. గిటార్ కింద చివర స్ట్రాప్ తగిలించుకునే పిన్ ఉంటుంది కదా, బ్యాగ్‌ను నేల మీద దించిన ప్రతిసారీ గిటార్ బరువంతా ఆ పిన్ మీదే పడుతుంది. అడుగున స్పాంజి పల్చగా ఉంటే పిన్ గుడ్డను చించుకుని బయటికొస్తుంది. ఎత్తు మీంచి పడితే లోపలి చెక్క దిమ్మ చిట్లుతుంది, పక్క చెక్కలు కూడా విడిపోవచ్చు. అడుగున రబ్బరు గానీ మందపాటి అట్ట గానీ ఉన్న బ్యాగ్ తీసుకోండి. ఇప్పటికే కొన్నదైతే పాత యోగా మ్యాట్ ముక్కను రెండు మడతలు వేసి అడుగున పెట్టండి, పిన్ ఉన్న చోట మధ్యలో చిల్లు చేయండి. నా బ్యాగ్‌లో ఇప్పుడు ఉన్నది అదే.

వీపున వేసుకున్నప్పుడు హెడ్‌స్టాక్ మీ తల కంటే పైన ఉంటుంది. బస్సు తలుపు, ఇంటి గుమ్మం, బైక్ మీద వెళ్తుంటే చెట్ల కొమ్మలు, అన్నీ ముందు దానికే తగులుతాయి. గుమ్మం దగ్గర వంగడం కాదు, బ్యాగ్ దించి చేత్తో పట్టుకుని దాటండి. బైక్ మీద పట్టీలు బిగించి బ్యాగ్ సీటుకు ఆనకుండా చూసుకోండి, ఆనితే ప్రతి స్పీడ్ బ్రేకర్ దెబ్బా ఆ పిన్‌కే. ఆటోలో అడ్డంగా పెట్టొద్దు, నెక్ బయటికి పొడుచుకొస్తుంది. మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని చేత్తో పట్టుకోండి.

రైల్లో మీకు గిగ్ బ్యాగే ఎందుకు మేలంటే, అది మీతో పాటు బెర్త్ మీదకు వస్తుంది. గోడ వైపు పెట్టుకుని, బాడీ మీ కాళ్ల దగ్గర, నెక్ మీ ఛాతీ వైపు వచ్చేలా ఉంచితే ఇద్దరికీ చోటు సరిపోతుంది. హాయిగా ఉంటుందని చెప్పను, కానీ రాత్రంతా టెన్షన్ ఉండదు. నాలుగైదు కిలోల హార్డ్ కేస్‌తో ఇది కుదరదు. అది కింద బెర్త్ కిందికి వెళ్లాలి, అక్కడ అప్పటికే నలుగురి సూట్‌కేసులు ఉంటాయి, ప్రతి స్టేషన్‌లో ఎవరో ఒకరు తోస్తుంటారు. స్లీపర్ బస్సులో కూడా అంతే, బెర్త్ మీద మీ పక్కనే పెట్టుకోండి. ఎక్కే ముందే డ్రైవర్‌తో మర్యాదగా చెప్పుకుంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ససేమిరా డిక్కీలోనే అంటే, వేడి, దుమ్ము, పైన పడే పెట్టెలు అన్నిటికీ సిద్ధపడాలి. అక్కడికి గిగ్ బ్యాగ్‌లో పంపకండి.

ఫ్లైట్ సంగతి. మన దేశీయ విమానాల్లో ఎకానమీ వాళ్లకు మామూలుగా చేతి సామాను 7 కిలోలు, చెకిన్ 15 కిలోలు. గిటార్ బరువు సరిపోయినా పొడవు సరిపోదు, కాబట్టి కౌంటర్‌లో లగేజీకి ఇవ్వమంటారు, లేదా పక్క సీటు కొనమంటారు. టికెట్ తీసే ముందే ఆ సంస్థను అడిగి, వాళ్లు చెప్పింది ఈమెయిల్‌లో తీసుకోండి. లగేజీకి ఇస్తే హార్డ్ కేస్ తప్పదు, ప్లైవుడ్ కంటే అచ్చు పోసిన గట్టి ప్లాస్టిక్ కేస్ మేలు. కేస్ బరువు కూడా మీ 15 కిలోల్లోనే పోతుందని గుర్తుంచుకోండి. వీణ విద్వాంసులు ఫైబర్ పెట్టె లేకుండా విమానం ఎక్కరు, పనస చెక్కలో తొలిచిన వాద్యాన్ని నమ్మి ఎవరి చేతికీ ఇవ్వలేక. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ 2012లో వచ్చిన చట్టం, 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఎక్కే సమయానికి పైన అరలో చోటుంటే గిటార్ లాంటి చిన్న వాద్యాన్ని అక్కడి విమాన సంస్థలు క్యాబిన్‌లోకి రానివ్వాలి. అలాంటి చోట పల్చగా ఒదిగే గిగ్ బ్యాగ్ ఉన్నవాళ్లకే లాభం.

లగేజీకి ఇచ్చేటప్పుడు తీగలు ఒకటి రెండు స్వరాలు కిందికి దించండి, పూర్తిగా వదులు చేయక్కర్లేదు. రైలుకైతే అదీ అవసరం లేదు.

వాతావరణం గురించి కొంచెం. కాకినాడ గాలిలో తేమ ఎక్కువ, హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ హాయిగా ఉంటుంది. ఘనమైన చెక్క పలకతో చేసిన ఖరీదైన గిటారైతే మూసి ఉన్న హార్డ్ కేస్ ఈ మార్పును నెమ్మదిస్తుంది, అప్పుడు దానికి డబ్బు పెట్టడం న్యాయమే. మీ ఎఫ్310 పై పలక పొరలు అతికించి చేసింది, అంత తొందరగా పగలదు. వానలో బ్యాగ్ తడిస్తే మాత్రం గిటార్‌ను వెంటనే బయటికి తీసి, స్పాంజి పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. ఎండలో ఆపిన కారులో బ్యాగ్‌లో పెట్టినా, కేస్‌లో పెట్టినా ఒకటే. సుమారు 60 డిగ్రీల వేడికి జిగురు మెత్తబడి, బాడీ మీద తీగలు బిగించే బ్రిడ్జ్ లేచిపోతుంది.

రెండిటికీ మధ్యలో ఫోమ్ కేస్ అని ఒకటి అమ్ముతారు, బయట గుడ్డ, లోపల గట్టి ఫోమ్, బరువు తక్కువ. సొంత కారున్నవాళ్లకు బాగుంటుంది. ఆర్కెస్ట్రా వ్యాన్‌లో స్పీకర్ బాక్సుల కింద పడితే నిలవదు.

డబ్బు లెక్కకు వస్తే, మీ గిటార్ పది వేల చుట్టుపక్కలది, దానికి అంత ఖరీదు కేస్ కొనమని చెప్పలేను. రెండున్నర మూడు వేలు పెట్టి మంచి బ్యాగ్ తీసుకోండి. ఫ్లైట్ ఖాయమైతే అప్పుడు చర్చిలోనో, తెలిసిన ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గరో కేస్ అడిగి తీసుకోండి, మాలో మేం ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాం. బ్యాగ్ కొనడానికి వెళ్లేటప్పుడు గిటార్ వెంట తీసుకెళ్లండి. మీది డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ ఆకారం, క్లాసికల్ గిటార్ బ్యాగ్‌లో పట్టదు, ఎలక్ట్రిక్‌ది అసలే కుదరదు. షాపులోనే పెట్టి, జిప్ మూసి, భుజాన వేసుకుని నాలుగడుగులు నడవండి. గౌతమి టికెట్ బుక్ చేసేటప్పుడు మాత్రం అప్పర్ బెర్త్ పెట్టుకోండి, లోయర్ అయితే పడుకునే వేళ దాకా అందరూ కూర్చుంటారు, గిటార్‌కు చోటుండదు.